బావ ఆపిన లైను

కొండ మీదికి మబ్బు ఎక్కగానే సబ్‌స్టేషన్ కంట్రోల్ రూమ్‌లోకి పరుగెత్తాను. పిడుగంటే అందరూ చెవులు మూసుకుంటారు. నేను మాత్రం వానలు మొదలైనప్పటి నుంచీ ఒక్క మంచి పిడుగు కోసం మొహం వాచి ఉన్నాను.

ఆ కొండంతా రాయి. టవరు మీద పిడుగు పడితే రాతినేల దాన్ని తొందరగా మింగదు. అది వెనక్కి తన్ని తీగల మీదికి దూకుతుంది, లైను ఆగిపోతుంది, ఊరు చీకటైపోతుంది. అలా దూకనీయని అరెస్టర్లను ఆ టవర్లకు నేనే పట్టుబట్టి పెట్టించాను. ఈ వానల్లో పిడుగుకు లైను ఆగకపోతే మిగతా కొండలకూ పెడతామనీ, ఒక్కసారి ఆగినా విప్పించి స్టోరులో పడేస్తాననీ మా పెద్ద ఇంజనీరు తేల్చి చెప్పాడు. ఆయన నోరు మంచిది కాదు గానీ మాట తప్పే మనిషి కాదు.

డ్యూటీలో ఉన్న ఆపరేటరు మా అక్క మొగుడే. పిడుగుకు ఎదురెళ్లే ఆడదానివి నువ్వొక్కదానివేనని ఆటపట్టించాడు.

కొండ నెత్తిన తెల్లగా మెరిసింది. కిటికీ అద్దాలు అదిరాయి. లైను పడిపోయినట్టు గంట మోగలేదు. కాసేపటికి ఇంకొకటి పడింది, అయినా ఏమీ కాలేదు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. సంబరంగా మీటర్ల వైపు తిరిగాను.

కొండ లైను మీటరు ముల్లు సున్నా దగ్గర ఉంది.

లైను తానే ఆపేశానని బావ నసిగాడు. మబ్బు పట్టగానే ఊళ్లో సగానికి కరెంటు తీసి, మిగతాది పాత లైను మీద నడిపిస్తున్నాడట. పిడుగుకు పడిపోయాక తిట్లు తినేకన్నా ముందే ఆపుకోవడం ఇక్కడి ఆపరేటర్లకు పాత అలవాటు. పైగా నా అరెస్టర్లకు మచ్చ రాకూడదట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నన్ను ఒడ్డున కూర్చోబెట్టి, మునగలేదని మెచ్చుకుంటావా బావా? లైను ఎక్కించు."

"పడిపోతే?"

"పడిపోతే నేనే కొండెక్కి విప్పుకొస్తా."

మీ అక్క నన్ను బతకనివ్వదని గొణుగుతూనే, పైవాళ్లకు ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాడు. స్విచ్ తిప్పాడు. బయట యార్డులో బ్రేకరు ఠప్పుమంది. ముల్లు లేచింది. అప్పుడు భయం వేసింది నాకు. అనవసరంగా నోరు పారేసుకున్నానా అనిపించింది.

వెనక్కి తగ్గే తీరిక దొరకలేదు. పిడుగు సరిగ్గా టవరు కొన మీదే పడింది. మబ్బు చీకట్లో కొండ మీది ప్రతి బండా కనిపించింది. మీటరు ముల్లు ఒక్కసారి వణికింది. వణికి, ఉన్నచోటే నిలబడింది. గంట మోగలేదు, బ్రేకరు కదల్లేదు.

నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. పెళ్లి రోజున కూడా ఇంత ఆనందపడలేదని గట్టిగానే అన్నాను.

ఇంతలో మళ్లీ ఉరిమింది. బావ చెయ్యి దానంతటదే స్విచ్ వైపు లేచింది. నేను చూశాను. నేను చూడటం ఆయనా చూశాడు. చెయ్యి వెనక్కి లాక్కుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"రానీ" అన్నాడు.