ఆదివారాల చుక్క

మా చూరుకి వేలాడే మంచు కడ్డీలంటే వీధి వీధంతటికీ వేడుక. మా క్యాలుమెట్ ఊళ్ళో ఇంకెవరింటికీ అంత పొడుగువి ఉండవు. ఎదురింటి ట్రెవారో ప్రతి జనవరిలోనూ వచ్చి, "ఈసారి నేలకి ఆనతాయా అర్వో?" అని నన్ను అడిగి పోయేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఈ ఇల్లు నా చేతులతో నేను కట్టుకున్నది. గోడకి వంక పెట్టండి, తలుపుకి వంక పెట్టండి, చూరు జోలికి మాత్రం రావద్దు.

కడ్డీలు చూడ్డానికి బాగానే ఉంటాయి. వాటి వెనకాల, చూరు అంచున, మంచు గడ్డకట్టి అడుగెత్తు గట్టు కట్టేది. పైనించి కరిగి వచ్చే నీళ్ళు ఆ గట్టు దాటలేక పెంకుల కిందికి దూరేవి. చాలా ఏళ్ళు గోడలోనే ఎక్కడో ఇంకిపోయాయి. కిందటి చలికాలం తిన్నగా మేడగదిలో హిల్యా మగ్గం మీద పడ్డాయి.

హిల్యా నా భార్య. పాత చొక్కాలూ దుప్పట్లూ పీలికలు చేసి తివాచీలు నేస్తుంది. వాళ్ళమ్మ నుంచి వచ్చిన ఆ మగ్గం మా ఇంట్లో ఆ ఒక్క గదిలోనే పడుతుంది. నీళ్ళకి పడుగంతా తడిసి బూజు పట్టింది. సగం నేసిన తివాచీని కత్తెరతో కోసి తీసేస్తూ ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది నాకు. కింద సౌనాలో, అంటే మా ఆవిరిస్నానాల గదిలో, నీళ్ళు పోసుకునే తెల్ల బేసిను పట్టుకొచ్చి చుక్క పడేచోట పెట్టింది. అది అక్కడే ఉండిపోయింది.

అక్టోబరులో ఒక పొద్దున, కాఫీ తాగుతూ తేల్చి చెప్పేసింది.

"ఈ ఏడు ఒక్క చుక్క పడిందంటే హెల్వీకి ఫోన్ చేస్తాను. ఇష్‌పెమింగ్ నుంచి ట్రక్కు పంపుతుంది. మగ్గం ఎక్కడుంటే నేనక్కడ."

హెల్వీ ఆమె చెల్లెలు, ఇష్‌పెమింగ్ ఊళ్ళో ఉంటుంది. హిల్యా ఊరికే బెదిరించే మనిషి కాదు. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో అన్నమాట వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు.

కిందటేడు గొడ్డలితో మంచు కొట్టబోయి నాలుగు పెంకులు చీల్చాను. ఈసారి చూరు పొడుగునా వేడెక్కే కరెంటు తీగ వేద్దామని కొలతలు తీస్తూ కూర్చున్నాను. హిల్యా నా కాగితం పక్కకి తోసి, పాత క్యాలెండరు పరిచింది. చుక్క పడ్డ ప్రతి రోజుకీ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. పదకొండు సున్నాలు, పదకొండూ ఆదివారాలే.

చర్చి ఎగ్గొట్టి నేస్తున్నావని దేవుడికి కోపమొచ్చి ఉంటుందన్నాను. ఆమె నవ్వలేదు.

"శనివారం మనింట్లో ఏం జరుగుతుంది?" అంది.

శనివారం సౌనా కాక ఇంకేం జరుగుతుంది? నేలమాళిగలో నేనే కట్టిన సౌనా అది, అందులో ఆవిరి కోసం కాల్చేవి మా నాన్న ఏరుకొచ్చిన రాళ్ళు. మధ్యాహ్నం నుంచి కర్రలు మండుతూనే ఉంటాయి. పొగగొట్టం ఇంటి నడిమధ్యగా లేచి, అటకలోంచి కప్పు దాటి పోతుంది. సౌనా మానేయమంటావా అని అరిచాను. మానమనలేదు. చూరు వదిలిపెట్టి అటకెక్కి చూడమంది.

ఎక్కలేదు. మోకాళ్ళ నొప్పులన్నాను.

తరవాతి ఆదివారం పొద్దున తొలి నూగుమంచు పడింది. ట్రెవారో చేతిలో కాఫీతో రోడ్డు మీద నిలబడి మా ఇంటి వైపు చూస్తున్నాడు. నేనూ వెళ్ళి చూశాను. కప్పంతా తెల్లగా ఉంది, పొగగొట్టం చుట్టూ మాత్రం మంచమంత మేర నల్లగా, తడిగా ఉంది.

"మీ ఇంటికి బట్టతల వచ్చిందే," అన్నాడు ట్రెవారో.

ఈసారి నాకు ఒళ్ళు మండలేదు. భయమేసింది. ఇంట్లోకొచ్చి నిచ్చెన వేసుకుని అటకెక్కాను.

పొగగొట్టానికీ అటక నేల చెక్కకీ మధ్య చెయ్యి దూరేంత సందు. చలి ఆపడానికి నేల మీద పరిచిన గాజుదూది చుట్టూ బాగానే ఉంది, అక్కడ మాత్రం మసిబారిపోయింది. వంగితే వెచ్చటి గాలి ముఖాన కొట్టింది. మా ఇంటి వేడి ఇన్నాళ్ళూ ఇందులోంచి ఎక్కి కప్పు మీది మంచుని కరిగిస్తోంది. ఆ నీళ్ళే చలిగా ఉన్న చూరు దాకా జారి గడ్డకడుతున్నాయి. చూరు తప్పేమీ లేదు.

తప్పు ఎవరిదో నాకు తెలుసు. సౌనా కట్టిన కొత్తలో, వెలిగించాలన్న ఆత్రంలో, ఆ సందుకి రేకు తరవాత కొడదామనుకున్నాను. మూశావా అని హిల్యా అడిగితే మూశానన్నాను. మరిచిపోయానని చెప్పుకోవచ్చు. మరిచిపోలేదు. ఇరవై ఏళ్ళుగా అటకెక్కకుండా తప్పించుకున్నాను, అంతే.

కిందికి దిగితే హిల్యా మగ్గం దగ్గర కొత్త పడుగు కడుతోంది.

"ఆ సందు నేను మూయలేదు. మూశానని నీకు అబద్ధం చెప్పాను."

ఆమె ఇంకో రెండు దారాలు ముడివేసింది.

"మరి ఆ చూరుని గొడ్డలితో ఎందుకు కొట్టావు? పాపం, అదేం చేసింది?"

ఆమె లేచి చేతులు దులుపుకుంది.

"పద. లైటు నేను పట్టుకుంటాను."

మూడు రోజులు పట్టింది. రేకు కోసి పొగగొట్టం నాలుగు వైపులా బిగించి, అంచులకి మంటకి కాలని జిగురు పట్టించాం. జిగురు ట్రెవారో ఇచ్చాడు, కడ్డీలు లేకపోతే తనకి పొద్దుపోదని గొణుగుతూనే. చలి రాకూడదని చూరు కింద గాలికంతల్లో నేను కుక్కిన గోనెసంచులన్నీ హిల్యా పీకేయించింది. అటక చల్లగా ఉంటేనే కప్పు మీది మంచు కరగదని అరవై ఎనిమిదేళ్ళకి నేర్చుకున్నాను.

జనవరిలో ఒకే వారంలో నడుం లోతు మంచు పడింది. శనివారం సౌనా వెలిగించే ముందు అటకెక్కి రేకుని ఇంకోసారి తడిమి చూశాను. ఆదివారం హిల్యా పైన నేస్తోంది, నేను కింద కూర్చుని మగ్గం చప్పుడు వింటున్నాను. మధ్యాహ్నం అది ఆగిపోయింది. మెట్లు దిగి ఆమె తిన్నగా ఫోన్ దగ్గరికి వెళ్ళింది.

"హెల్వీ, ట్రక్కు మాట మరిచిపో," అంది. "శనివారం నువ్వే రా. సౌనా పెట్టుకుందాం."

ఫోన్ పెట్టేసి, చంకలో ఉన్న తెల్ల బేసిను నా ఒళ్ళో పెట్టింది. అడుగున వేలితో గీస్తే తడి లేదు, దుమ్ము అంటింది.

"కడిగి సౌనాలో పెట్టిరా," అంది. "ఏడాది నుంచీ సూప్ గిన్నెతో నీళ్ళు పోసుకుంటున్నాను."