నాలుగువందల చిత్రములలో లేని తండ్రి

మాఘశుద్ధ దశమినాటి ప్రాతఃకాలంబున గౌతమీతీరమందలి లంకగ్రామములన్నియు మంచుతెరలో మునిగి అరటియాకుల కొనలనుండి నీటిబొట్లు జారుచుండ, సన్నాయిమేళము తెల్లవారకమునుపే ఊరినెల్ల మేల్కొలుపుచుండ, మంగళస్నానములకై కాగుచున్న నీటిపొగయు ఆ మంచును కలసి ఏది పొగయో ఏది మంచో తెలియరాకుండెను. అట్టి శుభవేళ కనకరత్నమను ఏబదియేండ్ల వితంతువునకు జరిగిన పరాభవమే ఈ కథకు మూలము.

పురుటిమంచముపైననే చెల్లెలు కన్నుమూయగా ఆ శిశువును పొత్తిళ్లనుండి గుండెలపై పెంచి పెద్దదానిం జేసినది కనకరత్నమే. ఆ బిడ్డయగు హైమవతి వివాహమున తలంబ్రాలు ముగిసి బంధుస్త్రీలు వధూవరుల సరసన నిలువగా ఆమెయు పట్టుచీరచెఱగు సవరించుకొని పిల్లప్రక్కకు చేరెను. అంతట ఆ నాలుగూళ్లలో తన్ను మించిన ఫోటోగ్రాఫరు లేడని విఱ్ఱవీగు త్రినాథరావు కెమెరానుండి కన్ను తీసి ఈగను తోలినట్లు చేయి విసరెను.

"మీరు కొంచెం పక్కకి జరగండమ్మా. ఇందులో ముత్తయిదువులే ఉండాలండి."

హైమవతి తల వంచుకొనెను. కనకరత్నము నాలుగడుగులు వెనుకకు వేసెను. పదిదినములకు వచ్చిన ఆల్బమును ఆమె మూడుమారులు తిరుగవేసి చూచినను పెంచినతల్లి జాడ అందెచ్చటను లేకపోయెను. కడుపు మండదా మఱి! మండెను. వాని విద్యనే నేర్చి వానిని వాని బిడ్డ పెండ్లిచిత్రములనుండి తుడిచివేయుదునని ఆమె ఆనాడే ఒట్టు పెట్టుకొనెను.

మఱునాడే పాడిగేదెనమ్మి కాకినాడనుండి డిజిటల్ కెమెరా తెచ్చుకొనెను. ఇక దానినే పిండుకొని కాఫీ కాచుకొనునని ఊరివారు పడిపడి నవ్విరి. మొదటిదినమున కటకముపై మూత తీయకయే ముప్పది చిత్రములు తీసి లోకమెల్ల చీకటియయ్యెనని అంగడివానిని శాపనార్థములు పెట్టెను. పిమ్మట తీసినవానిలో వీధిజనులందఱకును మొండెములే గాని తలలు లేవు. సూర్యుడు వెనుక పడునట్లు నిలిపిన మేక బొగ్గుముద్దయయ్యెను. పరుగిడు కోడికి ఆఱుకాళ్లు వచ్చెను. ఉద్యోగము చాలించి ఇంటనున్న డ్రాయింగు మాస్టారు జోగారావు ఇది చూచి జాలిపడి ఆమెకు గురువయ్యెను.

"వెలుతురు ఎక్కణ్ణించి వస్తోందో ముందు చూడు కనకం. మనిషెక్కడికీ పోడు."

ఆమె వెలుతురును చూడ నేర్చెను. మసకవేళ కటకపు ద్వారమును విశాలముగా తెఱచుటయు, కదలువానికి రెప్పపాటుకన్న వడిగా మీట నడపుటయు, ముఖమున కన్నే తేటగా పడవలయుననుటయు క్రమముగా తెలిసికొనెను. అయినను ఆమె జపమువలె సాధించిన విద్య వేఱొకటి. చిత్రమునకు అంచులు నాలుగే. తీయువారు ఒక్కయడుగు జరిగిన చాలును, ఎదుట నున్నవాడు లేనివాడగును. సంతలలోను తిరునాళ్లలోను వేయిమంది నడుమనుండి ఒక్కని తప్పించి తీయుటను ఆమె రెండేండ్లు సాధన చేసెను. పేరును వచ్చెను. పెండ్లిపిలుపులును వచ్చెను. చోద్యమేమనగా కెమెరా చేత నున్న వితంతువు పెండ్లిపీటల ముంగిటనే నిలిచినను ఏ శాస్త్రమును అడ్డురాలేదు!

మూడవయేట త్రినాథరావే ఆమె గుమ్మమెక్కెను. కన్యాదాత తన యింటి పెండ్లికి తాను కెమెరా పట్టరాదు. ముహూర్తములు దట్టముగా నుండుటచే తక్కిన ఫోటోగ్రాఫరులెవ్వరును ఖాళీగా లేరు. తన యొక్కగానొక్క కూతురు లావణ్య వివాహమునకు రావలయునని అతడు చేతులు జోడించెను. కనకరత్నము నవ్వుచు ఒప్పుకొనెను. వెదకబోయిన తీగ కాలికి తగిలెను.

వివాహదినమున ఆమె చూపిన నేర్పు ఏమని చెప్పుదును! కాళ్లు కడుగువేళ అల్లుని పాదములు పడినవి, నీటిధార పడినది, కడుగువాని ముఖము పడలేదు. తక్కిన చోట్ల కంబము అడ్డయ్యెను, పురోహితుని భుజము అడ్డయ్యెను, లేదా అంచు అతని ఉత్తరీయముతోనే ముగిసెను. తుదకు అప్పగింతలయెడ వధువు ముఖముపై చూపు నిలిపియుండగా ఆ పిల్ల దిగ్గున తిరిగి తండ్రి ఱొమ్ముపై వ్రాలెను. తూరుపువాకిటి లేయెండ ఇరువురి ముఖములపై పడెను. కనకరత్నము వేలు తనంతట తానే మీట నొక్కెను. చేతికి పగ తెలియదు, నేర్చిన విద్యయే తెలియును.

ఇంటికివచ్చి చూచుకొనగా అంతటి చిత్రము ఆమె జన్మలో తీయలేదు. ఇచ్చుటకు చేయి రాలేదు, తుడుచుటకు మనసు రాలేదు. ఆ యొక్కటి తప్ప తక్కిన నాలుగువందలును ఆల్బమునకు పంపెను.

నెల తిరుగకమునుపే త్రినాథరావు వచ్చి అరుగుపై కూలబడెను. వృత్తియెఱిగినవాడు గదా, ఇది చేతగాక జరిగినది కాదని గ్రహించియే వచ్చెను.

"ఒక్కదాంట్లోనూ నేను లేనండి. మా పిల్ల అత్తారింట్లోంచి రోజూ ఫోన్లో ఏడుస్తోంది. నాతో ఉన్నది ఒక్కటుంటే ఇప్పించండి. నేనేం తప్పు చేశానో చెప్పండి, దిద్దుకుంటాను."

"హైమ పెళ్లిలో నన్ను పక్కకి జరగమన్నారు. గుర్తుందా?"

త్రినాథరావు ఆ పెండ్లిని తలపునకు తెచ్చుకొన జూచెను. అబద్ధమాడి క్షమాపణ వేడుట అతనికి సులభమే, కాని ఆడలేదు.

"గుర్తులేదండి. ఎన్ని పెళ్లిళ్లు తీశానో, ఎంతమందిని జరగమన్నానో."

గుర్తున్నదని అన్నచో ఆమె ఆ క్షణమే ఇచ్చియుండెడిది. మూడేండ్లు తన నిద్రాహారములను తినిన మాట వానికి గుర్తే లేదు! ఆ కోపము మొదటికోపముకన్న వేయిమడుంగులై ఆమె నోట ఒక్కటే మాట పలికించెను.

"లేదు. ఒక్కటీ రాలేదు."

అతడు వెడలిన పిదప ఆమె ఆ చిత్రమును తెరపైకి తెచ్చి ఆ తండ్రి కన్నీటిని తనివితీర చూచి తుడిచివేసెను. తొల్లి ఫిలిములకాలమున నైన ఏ మూలనో నెగటివు మిగిలెడిది. కాగితము కాల్చిన బూడిదయైనను మిగులును. ఇచట బొటనవ్రేలి యొక్క నొక్కుతో ఏమియు మిగులలేదు. పట్టినపగ అక్షరాల తీఱెను. తాను నేర్చిన విద్యయెల్ల ఏ చిత్రమున ఫలించెనో దానిని లోకమున చూచినది ఆమె యొక్కతెయే. ఇక చూడవలయునన్నను ఆమెకును లేదు.