కొలబద్దకు కన్నుకుట్టింది

నేను ఒక మామూలు స్కేలును కాను, ఆ మాట ముందే చెప్పుకోవాలి. మనిషి కీలు ఎంత వంగుతుందో డిగ్రీల్లో చెప్పే స్టీలు కోణమానిని. రెండు బద్దలు, మధ్యలో గుండ్రటి బిళ్ల, దాని మీద సన్నని గీతలు. ఉత్తరాదిన ఒక కార్ఖానాలో పుట్టి, కొన్నాళ్లు ఒక విద్యార్థి సంచిలో నలిగి, అతను అమ్మేస్తే నాగభూషణం డాక్టరు గారి తెల్లకోటు జేబులోకి చేరాను. పద్దెనిమిదేళ్లుగా అక్కడే నా కాపురం.

ప్రతి బుధవారం మా ఆసుపత్రిలో వికలాంగులకు ధ్రువపత్రాలిస్తారు. కీలు ఎంత తక్కువ వంగితే లోపం అంత ఎక్కువ. ఆ లోపం నలభై శాతానికి చేరితేనే పింఛను కాగితం. నా గీత ఎక్కడ ఆగితే వాళ్ల తలరాత అక్కడ ఆగుతుంది. ఆ గర్వం నాకుండేది, దాచను.

నా కొంపలో నిప్పులు పోయడానికి నిరుడు షాహీన్ మేడం వచ్చింది. రోజువారీ పనులు మనిషి సొంతంగా చేసుకోగలడో లేదో చూసే థెరపిస్టు. ఆమె గుడ్డసంచిలో తాళం, గుండీల చొక్కా, దువ్వెన, ఒక స్టీలు చెంబు ఉండేవి. ఆ చెంబును చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. దానికి గీత లేదు, అంకె లేదు, చదువూ సంధ్యా లేదు. అయినా నన్ను చూడగానే బిగుసుకుపోయే జనం దాన్ని చూసి నవ్వేవాళ్లు. ఒకనాడు నాగభూషణం గారే దాంట్లో నీళ్లు తాగి, "మంచిగుందమ్మా నీ పరీక్ష" అన్నారు. ఆ రోజంతా జేబులో కుతకుత ఉడికిపోయాను.

పోయిన బుధవారం పోసవ్వ వచ్చింది. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. కుడి మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. భర్త లేడు, పిల్లలు లేరు, ఇప్పుడు చుట్టే చెయ్యీ లేదు. ఆ కాగితం రాకపోతే ఆమెకు పూట గడవదు.

డాక్టరు గారు నన్ను ఆమె మణికట్టుకు ఆనించారు. పోసవ్వ పళ్లు బిగబట్టింది, నుదుట చెమట పట్టింది. చెయ్యి కిందికి వంగింది, పైకి లేచింది. చూసింది చూసినట్టు చెప్పాను. లెక్క కడితే ముప్పై రెండు శాతం. "నలభై కాలేదమ్మా, కాగితం రాదు" అన్నారాయన. ఆమె తలూపి లేచి నిలబడింది. బల్ల మీదికి చేరిన నేను చెంబు వైపు చూసి మనసులో మీసం మెలేశాను.

"అవ్వా, జర నీళ్లు తాగి పో" అంటూ షాహీన్ నిండు చెంబు అందించింది. పోసవ్వ కుడిచేత్తో పట్టుకుంది. చెంబు జారి బల్ల మీద బోర్లాపడింది. నీళ్లన్నీ నా మీదే.

డాక్టరు గారు కాగితాలు ఎత్తుకుంటూ, "ఇప్పటిదాంక మంచిగనే వంచినవ్ గదమ్మా! ఇదేంది?" అన్నారు.

"కొలత పెడ్తిరి గద సారూ" అంది పోసవ్వ, అదేదో తన తప్పే అయినట్టు. "కొలతకు తక్కువైన బీడీలు కంపెనీల తీసి పారేస్తరు. నన్ను గూడ గట్లనే పారేస్తరేమోనని పానమంత పెట్టి వంచిన."

షాహీన్ ఆమె చెయ్యి పట్టుకుని, "గా కొలత కాదిది అవ్వా. నొప్పి లేసిన కాడ ఆపెయ్యి" అంది. తడి తుడవకుండానే నన్ను మళ్లీ ఆనించారు. ఈసారి చెయ్యి కొంచెం కదిలి ఆగిపోయింది. పిడికిలి పట్టు కూడా చూశారు. నలభై ఆరు శాతం. డాక్టరు గారు సంతకం చేశారు.

పోసవ్వ వెళ్లాక జేబులో పడి ఆలోచిస్తున్నాను. ఈ పద్దెనిమిదేళ్లలో నా ముందు ఇలా పళ్లు బిగబట్టి, ముప్పై రెండుకో ముప్పై అయిదుకో ఆగి, మారు మాట్లాడకుండా వెళ్లిపోయినవాళ్లు ఎందరో నాకు తెలియదు. వాళ్లనెవరూ మళ్లీ పిలవరు. ఆ చెంబు వల్ల అలా వెళ్లిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ అసూయే.