రోడ్డు మీద క్యూన్యో బండి

తడి కట్టెల పొగ.

జనగామ హైవే నడిమధ్యల మూడు రాళ్ళ పొయ్యిలు. పొయ్యిల మీద పెద్ద గంజులు. తెల్లారుజామున వాన పడ్డది, కట్టెలు మండనంటే మండనంటున్నయి... పొగ లేవలేక నేలను పట్టుకొని పాకుతున్నది.

బండ్లు కదులుతలేవు. హారన్లు లేవు. లారీలతోని అదిరే రోడ్డు మీద ఇయ్యాల చాపలు పరుచుకొని జనం కూసున్నరు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. భూపాలపల్లిల బొగ్గుబాయిలు బంద్. మానుకోటల రైలు పట్టాల మీద మనుషులు. బడులు బంద్, బస్సులు బంద్. రోజుకొక్క తాన వంటావార్పు — రోడ్డు మీదనే వండుడు, రోడ్డు మీదనే తినుడు. వంట అయ్యేదాక ఎవరో ఒకరు మైకుల మాట్లాడుడు.

ఇయ్యాల ఐటీఐ సార్ల వంతు.

కళావతి చాప కొసకు కూసున్నది. ఐటీఐల డీజిల్ మెకానిక్ పాఠం చెప్పే మేడమ్. నర్మెట్ట దిక్కు తండా ఆమెది. ఇంట్ల మాట్లాడేది లంబాడి. బడికి పోయినంక ఊరోళ్ళ తెలుగు వచ్చింది. పుస్తకాల తెలుగు ఆ తర్వాత.

మూడు మాటలు, ఒక్క గొంతు.

ఆ గొంతు పదకొండేండ్ల సంది నలుగురి ముందల లేవలేదు.

కొత్తగ నౌకరి వచ్చిన ఏడు, సముద్రం దిక్కు ఒక పట్నానికి ట్రైనింగుకు పంపిన్రు. ఒక్కొక్కరు లేచి ఒక్కొక్క పాఠం చెప్పాలె. ఆమె ఇష్టపడి ఎంచుకున్నది — పెట్రోలు బండ్లు రాకముందు ఫ్రాన్సు దేశంల ఆవిరితోని నడిచిన బండ్లు. వారం రోజులు చదివింది. చార్టు మీద రంగులతోని బొమ్మలు గీసింది. లేచి నిలబడి, "మొట్టమొదటి బండికి మూడే గీరెలు" అన్నది.

చక్రాలను ఆమె దిక్కు గీరెలనే అంటరు.

వెనుక బెంచీల నుంచి ఎవరో — "గారెలా మేడమ్? చట్నీ ఉందా?"

గదంత నవ్వింది.

ఆమె చార్టు చుట్టి పక్కన పెట్టింది. కూసున్నది. అప్పటి సంది క్లాసుల పుస్తకం చూసి చదువుడే. చక్రము... బాష్పము... పీడనము... పిల్లలు ఆవులిస్తుంటరు. వాళ్ళ తప్పు లేదని ఆమెకు తెలుసు.

ఇయ్యాల మాట్లాడాల్సింది సోమనర్సయ్య సార్. ఐటీఐల అందరికన్న పెద్ద సార్. కని ఇరవై రోజులు నినాదాలిచ్చిన గొంతు పూర్తిగ పోయింది. మైకు పడితే గాలి తప్ప ఏం రాలే. వచ్చి, మైకు ఆమె చేతుల పెట్టిండు.

"నువ్వు చెప్పు బిడ్డా." గుసగుసలాగనే వచ్చింది మాట.

"నాతోని కాదు సార్."

ఆయన రోడ్డు అవతలికి చూపించిండు.

అవతల పోలీసు జీపు. జనం పలుచనైతే చాలు, ఉన్నోళ్ళను పక్కకు జరిపి రోడ్డు తెరుద్దామని చూస్తున్నది. జనం పలుచనైతున్నరు కూడ. ఆకలి. ఉక్కపోత. ఉడకని అన్నం. ఒకరు లేస్తే వెనుక ఇద్దరు లేస్తున్నరు.

కళావతి నిలబడ్డది.

"పారిస్ల..." మళ్ళ మొదలుపెట్టింది. "పారిస్ల ఒక మిల్ట్రీ ఆయన ఉండె. పేరు క్యూన్యో. రెండు వందల నలభై ఏండ్ల కింద, గుర్రాలు లేకుండ ఫిరంగులు గుంజే బండి చేసిండు. ఆ బండికి మూడే —"

ఆగింది.

నాలుక కొసన పుస్తకం మాట ఉన్నది. దాని వెనుక, సిగ్గుపడుకుంట, ఇంకో మాట.

"— మూడే గీరెలు."

ఎవ్వరు నవ్వలేదు.

నవ్వేదానికి అండ్ల ఏమున్నది? గీరె అంటే గీరె.

అంతే. ఎన్నడో బిగించిన బోల్టు ఒక్కసారి వదులైనట్టు... మాట మీద మాట వచ్చింది. ముందటి గీరె మీద ఇంత గంజు లెక్క బాయిలరు వేలాడుతుండెనట. కింద మంట. ఆవిరి పుడితే బండి కదిలేదట — మనిషి నడిచినంత జోరు, అంతకన్న లేదు. పావుగంట పోంగనే ఆవిరి అయిపోయేది. ఆగుడు. నీళ్ళు పోసి, మంట పెట్టి, మళ్ళ ఆవిరి కోసం చూసుడు.

పొయ్యి ఊదుతున్న కొమురవ్వ తల లేపింది.

"ఆ నడుమల నీళ్ళెవ్వలు మోసిన్రు బిడ్డా?"

"నడిపెటోళ్ళే అవ్వా. దిగి, వాళ్ళే."

"గట్లనా! మొగోళ్ళు నీళ్ళు మోసిన్రా!"

జనమంత నవ్విన్రు. ఆడోళ్ళు చప్పట్లు కొట్టిన్రు. నవ్వు పదకొండేండ్ల తర్వాత ఆమె మీదికి వచ్చింది — ఈసారి వానలాగ, చల్లగ.

లేచినోళ్ళు కూసున్నరు.

క్యూన్యో ఆ బండిని ఒకసారి గోడకు గుద్దిండంటరు, నిజమో కాదో తెల్వదన్నది. నూరేండ్ల తర్వాత బొల్లే అని చర్చి గంటలు పోతపోసే ఆయన వచ్చిండన్నది. పన్నెండు మంది ఎక్కే ఆవిరి బండి చేసి, దానికి 'మాట వినేది' అని పేరు పెట్టిండన్నది. దాన్ని పారిస్ దాక నడిపిచ్చుకుంట పోతే, తొవ్వ పొడుగుత పోలీసులు డెబ్బై అయిదు కేసులు రాసిన్రట.

అందరి తలలు జీపు దిక్కు తిరిగినయి.

జీపు పక్కన నిలబడ్డ కానిస్టేబులు మొఖం అటు తిప్పుకున్నడు. భుజాలు మాత్రం ఊగుతున్నయి... ఆయన కూడ నవ్వుతున్నడు.

అన్నం ఉడికింది. పప్పు ఉడికింది. కొమురవ్వ గంటెతోని గంజు మీద కొట్టి పిలిచేదాక ఒక్కరు లేవలేదు. రోడ్డు నిండుగనే ఉన్నది. జీపు చెట్టు నీడకు జరిగింది.

కళావతి మైకు సోమనర్సయ్య సార్ చేతుల పెట్టింది. ఆయన ఏదో అన్నడు, గొంతు లేదు, పెదవులే కదిలినయి. మెచ్చుకున్నడో, ఇంకేమన్నడో.

పక్కకు పోయి, ఆగిన లారీకి ఒరిగి నిలబడ్డది. ఏడుపు వస్తదనుకున్నది.

రాలేదు.

ఆకలైంది. కడుపు కాలేటంత ఆకలి. విస్తరి నిండ అన్నం పెట్టించుకొని అక్కడనే, రోడ్డు మీద, కాళ్ళు మడిచి కూసున్నది. వేడి అన్నం. కారం పప్పు. ఎంత హాయి.

లారీ క్యాబిన్ల నుంచి డ్రైవరు దిగిండు. నెల్లూరి దిక్కు మనిషి, పొద్దుటి సంది ఇక్కడనే ఇరుక్కున్నడు. చేతుల విస్తరి. కొంచెం దూరంల నిలబడి మెల్లగ అడిగిండు.

"మేడమ్ గారూ... ఆ మొదటి బండి ఏమైందండీ?"

ఆమె నోట్ల బుక్క ఉన్నది. ఆగమని చెయ్యి చూపించింది. మింగింది.

"ఉన్నదన్నా. ఇంక పారిస్లనే ఉన్నది, మ్యూజియంల."

"నిజంగానా! నడుస్తుందా?"

"దాన్ని నడుపుతలేరు. కని అచ్చం అసొంటిదే చేసి, మొన్న నడిపిన్రట."

ఆయన దగ్గరికి వచ్చి ఎదురుంగ కూసున్నడు. అన్నం కలుపుతలేడు. చెప్పమన్నట్టు చూస్తున్నడు.

తెలంగాణ ఎప్పుడొస్తదో ఎవ్వలకు తెల్వదు. రేపు ఏ రోడ్డో, ఏ ఊరో... అదీ తెల్వదు.

మబ్బు విరిగింది. తడిసిన తారు మీద ఎండ పడ్డది. రోడ్డు పొడుగునా సన్నగ, తెల్లగ, చప్పుడు లేకుంట... ఆవిరి లేస్తున్నది.

"ఎట్లనంటే అన్నా..." అన్నది కళావతి.