సత్తెమ్మ బిందెలో చిలక

నేను ఒక ఉలిని. పొడవు చూపుడువేలంత, మొన జొన్నగింజంత. బాపట్లలో బ్రహ్మానందాచారి విరిగిన ఉక్కు ఆకురాయిని కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. రాళ్లలో దేవుళ్లను చెక్కే ఉలులకు గుళ్లలో పేరొచ్చింది. నా పని ఇత్తడి బిందెల మీద చుక్క పక్కన చుక్క కొట్టి పేర్లూ, పూలూ, పిట్టలూ దించడం. అయితేనేం, మనుషులు దేవుణ్ణయినా మరుస్తారు గానీ బిందెను మరుస్తారా!

ఆ రోజుల్లో పెళ్లంటే వీధిలో బిందెలన్నీ పెళ్లింటికి చేరేవి. భోజనాలయ్యాక పేరు చూసుకుని ఎవరిది వాళ్లు తెచ్చుకునేవారు. అలా ఓ పెళ్లి మర్నాడు సత్తెమ్మ బిందె కనబడలేదు. హోటళ్లకు మంచినీళ్లు మోసి బతికే మనిషి. బిందె లేకపోతే కూడు లేదు. వారం తిరిగాక అది మిల్లు యజమాని గారి భార్య వైదేహమ్మ ఇంట్లో తేలింది. పేరుండాల్సిన చోట నున్నగా అరగదీసి ఉంది.

"నీదని గుర్తేమిటే? పేరేదీ?" అని గద్దించింది వైదేహమ్మ.

పంచాయితీ ఆచారి అరుగు మీదకొచ్చింది. వీధంతా మూగింది.

"పేరు చివర చిలకుండాల బాబాయ్! నాకు చదువు రాదని నువ్వే కొట్టావు గదా!" అంది సత్తెమ్మ ఏడుస్తూ.

ఆచారి బిందె పైభాగం చూడనైనా చూడలేదు. "పోస్టుమాస్టరు గారూ, లోపల చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు.

బయట నేను గుంట చేస్తే లోపల బుడిపె లేస్తుంది. ఆ సంగతి అరగదీసినవాళ్లకేం తెలుసు! పోస్టుమాస్టరు పిచ్చయ్య గారు కళ్లు మూసుకుని తడిమారు. "ఇదిగో ముక్కు... ఇది తోక... ఓరి మీ అసాధ్యం కూలా, చిలకేనయ్యా!"

వీధి గొల్లున నవ్వింది. నా ఒళ్లు పులకరించింది.

"మా పనిమనిషి గట్టిగా తోమినట్టుంది" అని వైదేహమ్మ గొణిగింది.

"తోమితే చిలకలు ఎగిరిపోతాయా అమ్మగారూ?" అన్నారెవరో.

ఆచారి నన్ను చేతిలోకి తీసుకుని, "మళ్లీ కొట్టనా అమ్మాయ్?" అనడిగాడు.

"వద్దు బాబాయ్. అరగదీసిన చోటు అట్టాగే ఉండనీ" అంది సత్తెమ్మ.

ఇప్పుడు పేర్లు కొట్టడానికి కరెంటు మిషన్లు వచ్చాయి. నేను మొద్దుబారి రేకుడబ్బాలో పడున్నాను. దిగులేం లేదు. ఆ పూట ఆచారి పిడికిట్లో ఉండి నేను చూశాను. సత్తెమ్మ నిండుబిందె చంకనెత్తుకుని, నున్నటి వైపు బయటికి తిప్పి, వైదేహమ్మ గారి గేటు ముందు నుంచే నడిచి వెళ్లింది.