బండి పోయేదాకా ఆగండి

“మీ నాన్నగారి కూత పోయిందిరా,” అంది తల్లి, కళ్ళు తెరుస్తూనే.

టేపులాయన మంచం పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఊళ్ళో అందరూ అతన్ని అలాగే పిలిచేవారు. అసలు పేరు చెబితే పోస్టుమాన్ కూడా కాస్త ఆలోచించుకునేవాడు.

“పోవడమేమిటమ్మా?”

“రోజూ పడుకునేముందు మనసులో ఒకసారి వినేదాన్ని. ఇవాళ వెతుక్కుంటే లేదు. మొహం ఉంది, చొక్కా ఉంది, ఆ పాడు దగ్గు కూడా ఉంది. కూత ఒక్కటే లేదు.”

గొంతులో ఏడుపేం లేదు. వంటింట్లో గిన్నె కనపడకపోతే అడిగినట్టు అడిగింది. అందుకే అతనికి భయం వేసింది.

బొగ్గు ఇంజన్ల రోజుల్లో ఆ ఊరి డ్రైవర్లకు ఒక అలవాటుండేది. ఊరి బయటి సిగ్నల్ దాటగానే రూల్సులో లేని కూత ఒకటి కూసేవారు, ఎవరిది వారు. అది ఇంటికి కబురు. ఆ కూత వినగానే ఆ ఒక్క ఇంట్లోనే పొయ్యి వెలిగేది, పక్కింట్లో వెలిగేది కాదు. తండ్రిది ఒక పొడుగు, రెండు పొట్టి, మళ్ళీ ఒక పొడుగు. ఆ చివరిది సన్నగా వణుకుతూ, కూత తాడు వదలబుద్ధి కానట్టు సాగేది. తండ్రి పోయాడు. తర్వాత బొగ్గు ఇంజన్లు పోయాయి, ఆ తర్వాత లైనే పోయింది. పట్టాలు పీకిన చోట గడ్డి మొలిచింది.

“దానికేం బెంగ? ఊరంతా నా దగ్గరే ఉంది కదా, వెతికి తెస్తాను,” అన్నాడు.

గొప్పకు అన్న మాట కాదు. మూతబడ్డ స్టేషన్‌లో వెయిటింగ్ రూమును అతనే జ్ఞాపకాల గది చేశాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ టేపు రికార్డరు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, గార్డుల మాటలు, గ్యాంగ్‌మెన్ మాటలు, వాళ్ళ భార్యల మాటలు పట్టి తెచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు. మనుషులతో మాట్లాడటం కంటే వాళ్ళ మాటలు దాచుకోవడం అతనికి తేలిక. ఎదుటి మనిషి ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలిసేది కాదు. రికార్డరులో చప్పుడు కొలిచే సూది ఎంత ఊగుతోందో చూస్తూ కూర్చునేవాడు.

గదికి వెళ్ళి ఒక టేపు పెట్టాడు. గార్డు భార్య ఏదో చెబుతోంది. ఇంతలో తన గొంతే, లేతగా, “ఆగండి, బండి పోనివ్వండి.” టక్. “ఆఁ, ఇప్పుడు చెప్పండి.”

ఇంకోటి పెట్టాడు. ఆగండి. టక్. ఇంకోటి. టక్.

అవన్నీ పట్టాల పక్క ఇళ్ళలో పట్టినవి. బండి వస్తుంటే అక్కడ ఎవరూ మాట్లాడేవారు కాదు. వేలెత్తి, మాటను నోట్లోనే పట్టుకుని, బండి పోయాక సరిగ్గా అక్కడే అందుకునేవారు. అతనూ ఆ ఇళ్ళలో పుట్టినవాడే. మాటకు అడ్డొచ్చే దానిని దాచుకోవాలని అక్కడ పుట్టిన ఎవరికీ తోచదు. పైగా, టేపు వృథా చెయ్యడం దేనికని మీట నొక్కి ఆపేవాడు. పరాయి ఊరివాడైతే ఆపేవాడు కాదు, నోరు తెరుచుకుని వినేవాడు. చూడవచ్చిన వాళ్ళంతా “ఎంత శుభ్రంగా ఉన్నాయండీ!” అని మెచ్చుకుంటే పొంగిపోయాడు కూడా. ఆ రైలు ఊరి టేపుల్లో ఎక్కడా రైలు లేదు.

తల్లి టేపును చివరికి పెట్టుకున్నాడు. అందులో ఆమె గొంతుకు ఇంకా జుట్టు నెరవలేదు. “మా అత్తగారు ఏమనేదంటే... ష్, ఆగరా, మీ నాన్నగారు!” టక్. “వచ్చేస్తున్నారు. నీ డబ్బా కట్టెయ్, పొయ్యి వెలిగించాలి.”

వెనక్కి తిప్పి విన్నాడు. మళ్ళీ విన్నాడు. రెండు మాటల మధ్య వెంట్రుక దూరే సందు లేదు. గింజలు పారబోసి పొట్టుకు తాళం వేసుకున్నాను అనుకున్నాడు. అలా అనుకున్నా లోపల ఏమీ కదల్లేదు. కదలకపోవడమే ఎక్కువ బాధించింది.

ఇంటికొచ్చి తల్లి మంచం పక్కన కూర్చున్నాడు.

“దొరకలేదా?”

“బండి వచ్చినప్పుడల్లా నేనే ఆపేశానమ్మా. నీ మాట బాగా వినపడాలని.”

“నా మాటలో ఏముందిరా!” అని గోడవైపు తిరిగింది. ఆ రోజు తిండి ముట్టలేదు.

మర్నాడు బొగ్గు బాబాయిని బతిమాలి తీసుకొచ్చాడు. తండ్రి ఇంజన్లో బొగ్గు వేసిన మనిషి, ఇప్పుడు చేతికర్ర లేకుండా నడవలేడు. అరచేతులు దొప్పలా మూసి, బొటనవేళ్ళ మధ్య నుంచి ఊదాడు.

“అది గూడ్సు బండివాడి కూత. ఆయనకు అంత తొందర ఎప్పుడుందయ్యా?” అంది తల్లి.

“ఆయన పక్కన పార పట్టుకుని నిలబడింది నేనా, నువ్వా, వదినా?”

“నువ్వు లోపలున్నావు. కూత బయటివాళ్ళ కోసం. ఊదు మళ్ళీ.”

బాబాయి మళ్ళీ ఊదాడు. “కాదు.” ఇంకోలా ఊదాడు. “దగ్గరికొచ్చావు. తోక సరిచెయ్యి.” టేపులాయన ఈసారి మీట మీద వేలు పెట్టలేదు, రికార్డరు తిరుగుతూనే ఉంది. చివరికి ఒక కూత, పొడుగ్గా మొదలై చివర పైకెగిసి తెగిపోయేది, ఊదగానే తల్లి లేచి కూర్చుంది. “అదే! అదేరా! ఆయనే!”

అది కాదు. తండ్రి కూత పైకి లేవదు, వణుకుతుంది. చెబుదామని నోరు తెరిచాడు. తల్లి మొహం చూసి మూసుకున్నాడు.

గుమ్మం దిగాక బాబాయి ఊపిరి తీసుకుంటూ అన్నాడు. “నన్ను తిట్టుకోకు అబ్బాయ్. ఏది ఊదానో నాకే తెలీదు. ఆవిడ తలూపేదాకా మారుస్తూ పోయాను.”

“మరి అసలుది నీకు గుర్తుందా బాబాయ్?”

“ఇక్కడికొచ్చేదాకా ఉందనుకున్నాను.”

అతను పక్కగదిలోకి వెళ్ళి తలుపు మూసుకున్నాడు. పోనీ, తన దగ్గరైనా ఉంది కదా. కళ్ళు మూసుకుని పిలిచాడు. ఒక పొడుగు, రెండు పొట్టి. చివరిది మొదలైంది, వణకబోయింది, అంతలోనే పైకెగిసి తెగింది. ఇంకోసారి పిలిచాడు. ఈసారి వణుకు కూడా రాలేదు. సన్నగా, వదలబుద్ధి కానట్టు, అని తనలో తాను అనుకుంటూ పోయాడు. మాటలు మిగిలాయి, వాటిలో చప్పుడు లేదు.

“ఒరేయ్!” తల్లి గొంతు, ఎన్నాళ్ళకో హుషారుగా. “ఆ కూత ఇంకోసారి పెట్టరా.”

వెళ్ళి పెట్టాడు. విని, మళ్ళీ పెట్టమంది.