మేకుకు మిగిలిన పేజీలు

"అత్తయ్యా, మీకేం కావాలో చెప్పండి, నొక్కేస్తాను," అంది కోడలు ఫోను పట్టుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి.

నాకేం కావాలో నాకు చప్పున తట్టలేదు. "ఏం వద్దులేమ్మా," అన్నాను. గంట తిరిగేసరికి అట్టపెట్టె వచ్చింది. తెప్పించడం వాళ్ళ పని, విప్పడం నా పని. పంచదార డబ్బాలోకి, పప్పు సీసాలోకి పోసి, ప్లాస్టిక్ సంచులన్నీ మడిచి, అట్టపెట్టెను విప్పి చదును చేసి తలుపు వెనక నిలబెడతాను. ఆ సంచుల మీద ఉన్నదంతా చదువుతాను కూడా. 'పొడి ప్రదేశంలో ఉంచండి. పిల్లలకు అందకుండా ఉంచండి.' ఈ మధ్య నేను రోజూ చదివే సాహిత్యం అదే. ఎంతకీ కథ ముందుకు జరగదు.

ఆ రోజు పేపరు లోపలి పేజీలో, అడుగున, వేలెడంత వార్త ఉంది. మా ఊరి బజారు వీధిని వెడల్పు చేస్తున్నారట. నెలాఖరులోగా రెండువైపులా కొట్లన్నీ ఖాళీ చెయ్యాలట. మూడుసార్లు చదివాను. కళ్ళజోడు తుడుచుకుని నాలుగోసారి చదివాను. తర్వాత పట్టుకెళ్ళి టిఫిను తింటున్న మా అబ్బాయి ముందు పెట్టాను.

"ఒకసారి తీసుకెళ్తావా నాన్నా?"

వాడు వార్త చూశాడు. "అక్కడ మనకిప్పుడు ఎవరున్నారమ్మా? కొట్లు చూడ్డానికి రెండు గంటల ప్రయాణమా? నీ మోకాళ్ళు చూసుకో ముందు," అన్నాడు.

మంచివాడే. నా మందులు తప్పకుండా తెస్తాడు. కానీ ఆ మాట వాడిది కాదు. వాళ్ళ నాన్నది. ఆయన పోయి ఆరేళ్ళయినా ఆ గొంతు ఇంకా మా ఇంట్లో టిఫిను తింటూనే ఉంది.

నేను పుట్టిందీ, పెళ్ళయ్యిందీ, నా ఇద్దరు పిల్లల్ని కన్నదీ ఆ ఊళ్ళోనే. మా పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఉన్నది ఆ బజారు వీధే. ఎక్కడికి వెళ్తానన్నా 'ఎందుకు' అని అడిగే ఇంట్లో, 'బజారుకి' అంటే మాత్రం ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. నాకున్న ఒకే ఒక్క సెలవు చీటీ ఆ మాట. సంచీ భుజాన వేసుకుని మలుపు తిరగ్గానే నా నడక మారిపోయేది. బట్టల కొట్టాయన గుడ్డ తాను విసిరితే బల్ల మీద దభీమని పడి దొర్లుకుంటూ నా ముందుదాకా వచ్చి ఆగేది. కొలిచి, కత్తెర కొసతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో ఒక్క లాగు లాగితే చర్రున గీత గీసినట్టు చిరిగేది. ఆ చప్పుడు వినడానికే నేను కొననప్పుడు కూడా అక్కడ నిలబడేదాన్ని. గుండీల కొట్లో గోడనిండా సొరుగులు, ఏ సొరుగులో ఏముందో తెలియడానికి ఒక్కో సొరుగు ముఖానికీ ఒక్కో గుండీ కుట్టి ఉండేది. చెప్పుల కొట్లో మోకాళ్ళదాకా ఉండే అద్దం. ఇంట్లో అద్దం ముందు ఒక నిమిషం నిలబడితే "ఎవరు చూడాలనో!" అనేవారు అత్తగారు. అందుకని ఆ వయసులో నాకు నా ముఖం కన్నా నా పాదాలే బాగా తెలుసు. బాగుండేవి.

అన్నిటికన్నా చివర, పొట్లాలక్క కొట్టు.

బోర్డు మీద ఉన్నది ఆమె అన్నగారి పేరు. ఆయన బల్ల వెనక కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "పేరు వాడిది, నడుం నాది," అని నవ్వేసేది. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. ఎర్రగా, ఎత్తుగా, కొంగు నడుముకి బిగించి, తక్కెడ పట్టుకుంటే ముల్లు వణకడం మానేసి బుద్ధిగా నిలబడేది. తూచడం అయ్యాక ఇంకో చిటికెడు పైన వేసేది, ఎవరికైనా సరే. పాత వారపత్రికలు బరువుకి కొని, కాగితాలు విడదీసి, గోడకున్న పెద్ద మేకుకి గుచ్చి ఉంచేది. ఎడం చేత్తో కాగితం లాగడం, అరచేతిలో తిప్పి గరాటు చెయ్యడం, పప్పు పోసి మూతి మడవడం, పైనుంచి వేలాడే దారాన్ని రెండు చుట్లు తిప్పి వేలితో టప్పున తెంపడం, ఇదంతా నేను ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలేలోపు అయిపోయేది. తర్వాత చాలామంది పనిమంతుల్ని చూశాను. అంత నాణ్యమైన చేతుల్ని మళ్ళీ చూడలేదు.

నన్ను మూడో తరగతిలో బడి మాన్పించారు, తమ్ముళ్ళని ఎత్తుకోవడానికి. అక్షరాలు వచ్చు, కూడబలుక్కుంటే మాటలు వచ్చు. అంతే. పెళ్ళయ్యాక సరుకుల చీటీ కూడా ఆయనే రాసిచ్చేవారు. "నీకెందుకు, ఆవిడ చేతికియ్యి చాలు," అనేవారు. అక్క మాత్రం ఆ చీటీ తీసుకోకుండా, "చేతులు ఖాళీ లేవు, నువ్వే చదువు," అనేది. ఒకరోజు మిరపకాయల పొట్లం విప్పి, ఘాటుకి తుమ్ముతూనే ఆ కాగితం కూడబలుక్కున్నాను. అదొక సీరియలు, విడదీసి పుస్తకంగా కుట్టుకునేలా వారం వారం వరస అంకెలతో వేసేది. అత్తింట్లో అందరికీ వండిపెట్టే ఒకావిడ, ఒక మధ్యాహ్నం ట్రంకుపెట్టె సర్దుకోవడం మొదలుపెడుతుంది. చీరలు పెట్టింది, దువ్వెన పెట్టింది, పెట్టె మూత మీద చెయ్యి వేసి... అక్కడితో పేజీ అయిపోయింది. ఆ పూట కూర మాడ్చాను.

మర్నాడు ఆ కాగితం పట్టుకెళ్ళి, సిగ్గుపడుతూ, "దీని తర్వాతది ఉందా అక్కా?" అన్నాను. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మేకుకున్న దొంతరలో వెతికి ఒకటి లాగింది. అందులో పంచదార పోసి, నా చేతికి ఇవ్వకుండా తన దగ్గరే పట్టుకుంది.

"ముందు నిన్నటిది చెప్పు. ఏముంది అందులో?"

చెప్పాను. తడబడుతూ, మధ్యలో మర్చిపోతూ. వింటున్నంతసేపూ ఆమె తక్కెడ కదల్లేదు. "ఊఁ, సరే," అని పొట్లం ఇచ్చింది.

అప్పటినుంచి అదే పద్ధతి. కథ అప్పజెపితేనే కొత్త పేజీ. నాకు వణుకు. ఎక్కడ తప్పు చదివానో పట్టేసుకుంటుందేమో, ఇంకో పేజీ ఇవ్వదేమో అని ప్రతి ముక్కా రెండేసి సార్లు చదువుకుని వెళ్ళేదాన్ని. తెలియని మాట ఉంటే గిన్నెలు తోముతూ ఆ మాటనే తోమేదాన్ని. బడి పంతుళ్ళు చెయ్యలేనిది ఆ భయం చేసింది. ఏడాది తిరిగేసరికి నేను గడగడా చదివేదాన్ని. ఆ కథకి మొదటి పేజీ దొరకలేదు కాబట్టి దాని పేరేమిటో, రాసిందెవరో నాకు తెలియదు. పత్రికలు వచ్చినప్పుడే దొరికేవి, మధ్యలో నెలలు నెలలు ఆగేది. అయినా అక్క మాత్రం నా పేజీలు విడిగా, ఇంకెవరికీ కట్టకుండా, ఒక చిన్న మేకుకి గుచ్చి ఉంచేది.

పొట్లాలెక్కువైతే పేజీలెక్కువ. అందుకని అర కేజీ పంచదార రెండు పొట్లాలు కట్టించుకునేదాన్ని. ఒకరోజు ఆయన చూశారు.

"ఇదేంటి, రెండు ముక్కలు చేసిందేం?"

"ఒకటి తడిసినా ఇంకోటి ఉంటుందని," అన్నాను.

"పంచదారకి కూడా తోడికోడల్ని తెచ్చిందిరా నీ పెళ్ళాం," అన్నారు అత్తగారు. ఆ మాటకి నాకూ నవ్వొచ్చింది. కానీ అర కేజీ పంచదారకి గంటసేపు ఏం చేస్తావని ఆయన అడిగినప్పుడు, "కొట్టుకెళ్ళడం కాదురా, అక్కడ కొట్టు కడుతున్నట్టుంది," అని ఆవిడే అందించినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఉదయం నాలుగున్నరకి లేచి, ఏడుగురి బట్టలు ఉతికి, రెండు పూటలా పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి ఆ గంట ఏమిటో ఎలా చెప్పాలి? చెప్పలేదు. చెబితే ఆ గంట కూడా పోయేది.

నా ఇరవయ్యారో ఏట ఆయనకి బదిలీ అయ్యింది. గురువారం ప్రయాణం. అప్పటికి కథలో ఆవిడ పెట్టె పట్టుకుని స్టేషన్‌కి చేరింది. బండి వచ్చి ఆగింది. ఇంకా మూడు పేజీలున్నాయి. "బుధవారం వస్తానక్కా, మూడూ పట్టుకుపోతాను," అన్నాను. "మూడు పొట్లాలు కట్టి ఉంచుతా," అంది.

సోమవారం మధ్యాహ్నం ఆయన లారీ తీసుకొచ్చారు. ఆ రోజుకే దొరికిందట. మూడు గంటల్లో ఇల్లంతా లారీలోకి ఎక్కింది. నేను చంటిపిల్లని ఎత్తుకుని, "బజారు వీధిలో ఒక్క నిమిషం ఆపుతారా, అక్కకి చెప్పొస్తాను," అన్నాను.

"కొట్టువాళ్ళకి కూడా చెప్పి రావాలా? ఊరేగింపు పెట్టించమంటావా?" అన్నారు. డ్రైవరు నవ్వాడు. అత్తగారు నవ్వారు. లారీ బజారు వీధి మీదుగానే వెళ్ళింది. అక్క మెట్టు మీద నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యెత్తింది. నేను చెయ్యెత్తేలోపు మలుపు వచ్చేసింది.

ఆ తర్వాత చాలామందిని సాగనంపాను. కొందరు మళ్ళీ వచ్చేవాళ్ళు, కొందరు రానివాళ్ళు. ఇప్పటికీ ఎవరైనా గుమ్మం దాటితే, చెప్పాల్సింది చెప్పానా లేదా అని వాకిట్లోనే తచ్చాడుతూ ఉంటాను. వేళాకోళం చేస్తారు మా వాళ్ళు. అదంతా ఆ మలుపు దగ్గర పట్టుకున్న జబ్బు.

పేపర్లో వార్త చూసిన మూడో రోజు పొద్దున, వాళ్ళిద్దరూ ఆఫీసులకి వెళ్ళాక, ఫ్రిజ్ మీద చీటీ అంటించాను. 'బజారుకి వెళ్తున్నాను.' అబద్ధమేమీ కాదు. గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు చూశాను. తాళం వేసి, లాగి చూసి, వీధి చివరదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూశాను. జీవితంలో మొదటిసారి ఒంటరిగా బస్సెక్కాను. డెబ్భై రెండేళ్ళ వయసులో. రెండు గంటలూ సంచీని పసిపిల్లలా పట్టుకుని కూర్చున్నాను. ఊరు దాటేశానేమోనని కండక్టరమ్మాయిని ఐదుసార్లు అడిగాను. ఆరోసారి ఆ పిల్లే, "ఇంకా రాలేదు మామ్మా," అంది నేను నోరు తెరవకముందే.

బట్టల కొట్టు లేదు. చెప్పుల కొట్టు షట్టరు దించి ఉంది. గుండీల కొట్టు ముందు సొరుగులు వీధిలో పడేసి ఉన్నాయి, ఒకదానికి ఇంకా నీలం గుండీ వేలాడుతోంది. అక్క ఉందో లేదో అన్న ప్రశ్న మూడు రోజులుగా నేను నన్నే అడగలేదు. వీధి చివర కొట్టు తెరిచే ఉంది. లోపల ఎవరో నడివయసావిడ డబ్బాలు పెట్టెల్లో సర్దుతోంది. బల్ల వెనక కుర్చీలో, తెల్లబడిన తలతో, కొంగు నడుముకి బిగించి, ఆమె.

"ఏం కావాలమ్మా?" అంది కళ్ళు చికిలించి.

ఈసారి నాకేం కావాలో నాకు తెలుసు. "అర కేజీ పంచదార," అన్నాను. "రెండు పొట్లాలు."

బల్ల మీద చెయ్యి ఆగిపోయింది.

"బుధవారం వస్తానన్నావు," అంది.

"ఇవాళ బుధవారమే అక్కా."

ఇద్దరం నవ్వాం. ఏడ్చాం కూడా, అదేమంత చెప్పుకోదగ్గది కాదు. కొంగుతో ముక్కు తుడుచుకుని అక్క ముందుకి వంగింది. "అదలా ఉంచు. ఆవిడ బండెక్కిందా లేదా?"

"నన్నడుగుతావేంటి? ఆఖరి మూడు పేజీలూ నీ మేకుకే ఉండిపోయాయి. నువ్వు చదివే ఉంటావుగా."

"నేనా? చదవడమా?" పక్కనున్న ఆవిడ వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది. "నాకు అంకెలొక్కటే వచ్చు, పిచ్చిదానా. పేజీ మూల అంకె చూసి వరసలో గుచ్చేదాన్ని."

"మరి నన్ను రోజూ అప్పజెప్పమనేదానివి?"

"ఏమవుతుందో తెలియాలి కదా నాకు."

నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను. నలభయ్యారేళ్ళుగా నేను ఒక పంతులమ్మని వదిలేసి వచ్చానని కుమిలిపోతున్నాను. వదిలేసి వచ్చింది నా దగ్గర చదువుకుంటున్న మనిషిని. నేను పరీక్షలనుకుని వణికిన ఆ గంటల్లో ఆమె కథ వింటోంది. తక్కెడ ఆగిపోయింది అందుకు.

"ఆ పేజీలు ఇంకెవరిచేతైనా చదివించుకోకపోయావా అక్కా?"

"కొట్టు నడిపేదానికి చదువు రాదని ఊరందరికీ చెప్పుకోమంటావా? నాలుగేళ్ళు దాచాను నువ్వొస్తావని. ఒక వానకి కప్పు కారి ముద్దయిపోయాయి." చిన్న మేకు ఇంకా గోడకే ఉంది. దానివైపు చూపించి, "చెప్పు మరి. ఎక్కిందా?" అంది.

ఎనభై నాలుగేళ్ళ ఆ ముఖంలో ఒక్క తొందర తప్ప ఇంకేమీ లేదు.

"ఎక్కిందక్కా," అన్నాను.

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

"భయం వెయ్యలేదూ?"

"వెయ్యకేం? తాళం వేశానా లేదా అని దారంతా వణుకుతూనే ఉంది. అయినా ఎక్కింది."

అక్క నా సంచీ వంకా, దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్న నా చేతుల వంకా చూసింది. ముక్కాలిపీట కాలితో నా వైపు తోసి, "తర్వాత?" అంది.

సంచీలో ఫోను మోగింది. మా అబ్బాయి. ఎక్కడున్నావమ్మా, ఎవరితో వెళ్ళావమ్మా, చెప్పి వెళ్ళొద్దా అని ఒకటే కంగారు.

"బజారులో ఉన్నాను నాన్నా," అన్నాను. "ఆలస్యమవుతుంది, మీరు తినేయండి." ఫోను కట్టేసి, పీట దగ్గరికి లాక్కుని కూర్చుని, ఎవరూ అచ్చు వెయ్యని పేజీ చదవడం మొదలుపెట్టాను.